సూర్యుడి నుంచి దూసుకొచ్చే కణాల దారి పట్టుకోవడం ఎలా: మీరే చేసుకోగల లెక్క

2003 అక్టోబరు 28న సూర్యుడి మీద ఎక్స్17 స్థాయి (ఎక్స్ అంటే అతి బలమైన తరగతి) సౌర జ్వాల లేచింది. మర్నాడు ఉదయానికి భూమి దగ్గర ప్రోటాన్ల కొలత 29,500కి చేరింది. వారం తిరిగేసరికి, నవంబరు 4న, అంతకన్నా పెద్ద జ్వాల వచ్చింది. గోస్ ఉపగ్రహంలోని పరికరం దాన్ని కొలవలేక నిండిపోతే శాస్త్రవేత్తలు అంచనా వేసి ఎక్స్28 అన్నారు. ఆసారి ప్రోటాన్లు మాత్రం 353 దగ్గరే ఆగిపోయాయి. పెద్ద జ్వాలకి చిన్న కణాల తుపాను, చిన్న జ్వాలకి ఎనభై రెట్లకు పైగా పెద్ద తుపాను!

జ్వాల ఎంత పెద్దది అన్న ప్రశ్నతో మొదలుపెడితే ఈ లెక్క ఎప్పటికీ తేలదు. అడగాల్సినవి రెండే. ఆ సమయంలో సూర్యుడి మీద ఏ చోటుతో మనకి అయస్కాంత రేఖ కలిసి ఉంది? కణాలను తోసే షాక్, అంటే సూర్యుడు విసిరిన మేఘం ముందు ఏర్పడే ఒత్తిడి అల, ఎంత వెడల్పుగా, ఎటువైపు వెళ్తోంది? ఈ రెండూ పట్టుకుంటే ఏ సంఘటన తీసుకున్నా కణాలు ఎప్పుడు, ఎలా వస్తాయో ఓ మోస్తరుగా మీరే చెప్పగలరు. ఇంటర్ లెక్కలు గుర్తుంటే చాలు, కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి.

1. ముందు మూడింటినీ విడదీయండి

వార్తల్లో "సౌర తుపాను" అని ఒకే మాట వాడేస్తారు. అందులో మూడు వేర్వేరు సంగతులున్నాయి. మొదటిది వెలుగు, అంటే ఎక్స్-కిరణాలు, రేడియో వగైరా. ఇది తిన్నగా 8 నిమిషాల 20 సెకన్లలో వచ్చేస్తుంది. మూడోది సీఎంఈ, అంటే సూర్యుడు విసిరే ప్లాస్మా మేఘం. ఇది మామూలుగా రెండు మూడు రోజులు తీసుకుంటుంది, మహా వేగంగా వస్తే ఒక్క రోజులోపే చేరుతుంది. ఈ రెండింటికీ మధ్యలో వచ్చేవే మన కణాలు. ఎక్కువగా ప్రోటాన్లు, వాటితో పాటు ఎలక్ట్రాన్లు, హీలియం, కొద్దిగా ఇనుము దాకా బరువైన అయాన్లు. వేగాన్ని బట్టి ఇవి పది నిమిషాల నుంచి కొన్ని గంటల్లో వస్తాయి, తర్వాత రోజుల తరబడి కురుస్తూనే ఉంటాయి.

కణాల శక్తిని ఎంఈవీల్లో చెబుతారు. ఒక ఎంఈవీ అంటే 10 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు. పైన చెప్పిన 29,500 అంటే, 10 ఎంఈవీ దాటిన ప్రోటాన్లు ఒక్కో చదరపు సెంటీమీటరు మీద, ఒక్కో సెకనుకు, ఒక్కో స్టెరేడియన్ కోణంలో అన్ని వచ్చాయని. ఈ కొలతను పీఎఫ్‌యూ అంటారు. అమెరికా వాతావరణ సంస్థ ఎన్‌ఓఏఏ స్కేలులో 10 పీఎఫ్‌యూ దాటితే ఎస్1, 100 దాటితే ఎస్2, అలా పది రెట్ల చొప్పున పెరిగి లక్ష దగ్గర ఎస్5.

2. ఎవరు తోశారో చూడండి

కణాలకి ఇంత శక్తి రెండు చోట్ల వస్తుంది. జ్వాల జరిగే చోట అయస్కాంత రేఖలు తెగి మళ్లీ అతుక్కునేటప్పుడు ఒకటి. ఇలా పుట్టిన తుపాను గంటల్లో ముగుస్తుంది, ఎలక్ట్రాన్లు ఎక్కువ, మామూలుగా చాలా అరుదైన హీలియం-3 ఇందులో కొన్నిసార్లు వేల రెట్లు పెరిగి కనిపిస్తుంది. రెండోది, సీఎంఈ సౌర పవనం (సూర్యుడి నుంచి ఎప్పుడూ బయటికి వీచే కణాల ప్రవాహం) కన్నా బాగా వేగంగా దూసుకెళ్తుంటే దాని ముందు ఏర్పడే షాక్. కణాలు ఆ షాక్‌కి అటూ ఇటూ మళ్లీ మళ్లీ దాటుతూ ప్రతిసారీ కొంత శక్తి పుంజుకుంటాయి. భయపడాల్సిన పెద్ద ప్రోటాన్ తుపానులన్నీ దాదాపు ఈ రెండో రకమే, ఎందుకంటే జ్వాల ఒక చిన్న చోట నిమిషాల్లో ఆరిపోతుంది, షాక్ మాత్రం వెడల్పవుతూ భూమి దాకా, ఒక్కోసారి ఇంకా అవతలి దాకా కణాలను పుట్టిస్తూనే వస్తుంది. నిజమైన సంఘటనల్లో రెండూ కలిసే ఉంటాయి, గీత గీసినట్టు విడదీయడం కుదరదు.

రేడియో రికార్డు దొరికితే చూడండి. టైప్ 3 అనే రేడియో విస్ఫోటం కనిపిస్తే ఎలక్ట్రాన్లు తెరిచి ఉన్న అయస్కాంత రేఖల వెంట బయటపడ్డాయని అర్థం. నెమ్మదిగా తక్కువ ఫ్రీక్వెన్సీల వైపు జారే టైప్ 2 కనిపిస్తే షాక్ ఏర్పడిందని అర్థం.

3. మన అయస్కాంత పాదం ఎక్కడుందో లెక్కకట్టండి

అసలు కీలకం ఇక్కడే, కాబట్టి ఇక్కడ తొందరపడొద్దు.

విద్యుదావేశం ఉన్న కణం అయస్కాంత క్షేత్రంలో తిన్నగా పోలేదు. క్షేత్ర రేఖ చుట్టూ తిరుగుతూ ఆ రేఖ వెంటే సాగుతుంది. భూమి దగ్గర క్షేత్రం దాదాపు 5 నానోటెస్లాలు. అందులో 10 ఎంఈవీ ప్రోటాన్ తిరిగే చుట్టు వ్యాసార్ధం ఎక్కువలో ఎక్కువ దాదాపు 92 వేల కిలోమీటర్లు. సూర్యుడికీ మనకీ మధ్య 15 కోట్ల కిలోమీటర్లు కదా, దాని ముందు ఇదేమంత లెక్కలోది కాదు. అందుకే ఆ కణం రేఖకి కట్టేసినట్టే వస్తుంది.

మరి ఆ రేఖ ఎలా ఉంటుంది? దీపావళికి కాల్చే భూచక్రాన్ని పైనుంచి చూడండి. ఒక్కో నిప్పురవ్వ బయటికే పోతుంది, కానీ చక్రం తిరుగుతుంది కాబట్టి రవ్వలన్నీ కలిపి చూస్తే వంపు తిరిగిన తీగలా కనిపిస్తాయి. సౌర పవనం కూడా బయటికే వీస్తుంది, సూర్యుడు తిరుగుతుంటాడు, పవనంతో పాటు సాగిన అయస్కాంత రేఖ సర్పిలంగా వంగుతుంది. యూజీన్ పార్కర్ 1958లో ఈ సంగతి లెక్కకట్టి చెప్పాడు, అందుకే దీన్ని పార్కర్ సర్పిలం అంటారు.

ఇప్పుడు లెక్క. సూర్యుడు ఒక చుట్టు తిరగడానికి సుమారు 25.4 రోజులు, అంటే రోజుకి 14.2 డిగ్రీలు. సౌర పవనం సెకనుకి 400 కిలోమీటర్లతో వీస్తుంటే 15 కోట్ల కిలోమీటర్లు దాటడానికి 3,75,000 సెకన్లు, అంటే 4.34 రోజులు పడుతుంది. 4.34ను 14.2తో గుణిస్తే దాదాపు 61 డిగ్రీలు. మన రేఖ సూర్యుడి మీద దిగే చోటు, అంటే మన పాదం, మనకెదురుగా ఉన్న మధ్య రేఖకి 61 డిగ్రీలు పడమరన ఉందన్నమాట. పవనం 600 కి.మీ. వేగంతో ఉంటే 41 డిగ్రీలు, 300 ఉంటే 82. ఆ రోజు అసలు వేగం ఎల్1 (భూమికి సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని బిందువు) దగ్గరి నౌకల నుంచి ఎన్‌ఓఏఏ అంతరిక్ష వాతావరణ కేంద్రం పేజీలో దొరుకుతుంది. సగటు పట్టుకుని కూర్చోకుండా అదే వాడండి, పాదం ఇరవై డిగ్రీలు ఇటో అటో జరిగిపోతుంది.

చాలామంది ఇక్కడే పొరబడతారు: ఉత్తరం పైకి పెట్టిన సూర్యుడి ఫొటోలో పడమర కుడిచేతి వైపు ఉంటుంది. భూమి మ్యాపులో పడమర ఎడమచేతి వైపు కదా, అందుకే మ్యాపులకి అలవాటుపడ్డవాళ్లు తడబడతారు.

చేత్తో లెక్క వద్దనుకుంటే సోలార్-మాక్ అనే ఉచిత ఆన్‌లైన్ సాధనం ఉంది. తేదీ, పవన వేగం ఇస్తే భూమి, అంగారకుడు, పార్కర్ సోలార్ ప్రోబ్, సోలార్ ఆర్బిటర్ అన్నిటికీ సర్పిలాలు గీసి పాదాలు చూపిస్తుంది. కానీ ఒకటి రెండు సంఘటనలు చేత్తో చేయండి, అప్పుడే అది గీసిన బొమ్మ కళ్లకి అర్థమవుతుంది.

4. పేలిన చోటుని పాదంతో పోల్చండి

జ్వాల జాబితాల్లో చోటుని ఎన్14డబ్ల్యూ61 లాగా రాస్తారు. ఉత్తరం 14, పడమర 61 డిగ్రీలు అని. ఇది నిజమైన ఉదాహరణే, 2005 జనవరి 20న 10720 అనే చురుకైన ప్రాంతంలో ఎక్స్7.1 జ్వాల లేచిన చోటు. సగటు పవనానికి మనం పైన కట్టిన పాదం దగ్గరే పేలింది. ఫలితం? కణాలు కొద్ది నిమిషాల్లోనే నిటారుగా లేచాయి, దక్షిణ ధ్రువం వైపు నేల మీది న్యూట్రాన్ మానిటర్లు (అతి శక్తిమంతమైన కణాల జాడను నేల మీద పట్టే పరికరాలు) కూడా పట్టేశాయి. 1956 ఫిబ్రవరి తర్వాత నేల మీద కనిపించిన అతి పెద్ద సంఘటన ఇదే.

అందుకని పేలుడు పడమర 40 నుంచి 80 డిగ్రీల మధ్య ఉంటే గ్రాఫ్ నిటారుగా లేచి మెల్లగా దిగుతుందని ఊహించండి. మధ్య రేఖ దగ్గర ఉంటే మెల్లగా లేచి, ఒకటి రెండు రోజుల తర్వాత షాక్ మన మీదుగా దాటేటప్పుడు మళ్లీ శిఖరం. తూర్పు అంచున ఉంటే ఇంకా ఆలస్యంగా, నీరసంగా మొదలవుతుంది, చాలాసార్లు షాక్ దాటాకే పెరుగుతుంది, ఎందుకంటే అప్పటికి గానీ మన రేఖ షాక్‌లోని బలమైన భాగానికి తగలదు.

ఇప్పుడు 2003 సంగతి తేల్చవచ్చు. అక్టోబరు 28 పేలుడు తూర్పు 8 డిగ్రీల దగ్గర, దాదాపు మనకెదురుగా జరిగింది. పాదానికి దూరమే. కానీ సెకనుకి 2,400 కి.మీ. దాటిన వేగంతో సీఎంఈ తిన్నగా మన మీదికే వచ్చింది. పేలిన పందొమ్మిది గంటలకే షాక్ భూమిని తాకింది, 29,500 శిఖరం కూడా సరిగ్గా ఆ వేళకే, 29వ తేదీ ఉదయం 6:15 యూటీసీకి నమోదైంది. నవంబరు 4 నాటిది పడమర 83 డిగ్రీల దగ్గర, అంచున పేలింది. సీఎంఈ వేగానికి లోటు లేదు గానీ దాని ముక్కు మనకి పక్కగా పోయింది, మనకి షాక్ అంచు మాత్రమే దక్కింది. ఒక్క పాదం లెక్కే చూసుకుంటే నవంబరు 4దే మనకి దగ్గర కావాలి, కాబట్టి షాక్ ఎటు పోతోందన్నది వదిలేస్తే తప్పుడు జవాబు వస్తుంది.

5. ప్రయాణ సమయం కట్టండి

సర్పిలం వంపు వల్ల దారి 15 కోట్లకు బదులు దాదాపు 17.5 కోట్ల కిలోమీటర్లు అవుతుంది. ఆ దారిన వెలుగు పోగలిగితే 9.7 నిమిషాలు. ఇక ఆ 9.7ను కణం వేగంతో భాగించడమే, వేగాన్ని కాంతి వేగంలో ఎంత భాగమో చూసుకుని. 1,000 ఎంఈవీ ప్రోటాన్ వేగం 0.875, కాబట్టి 11 నిమిషాలు. 100 ఎంఈవీకి 0.428, దాదాపు 23 నిమిషాలు. 10 ఎంఈవీకి 0.145, 67 నిమిషాలు. 1 ఎంఈవీ అయితే మూడున్నర గంటలు.

మనం జ్వాలను చూసేదే 8 నిమిషాలు ఆలస్యంగా కదా, అందుకే మెరుపు కనిపించాక 1,000 ఎంఈవీవి 3 నిమిషాల్లో, 100వి 14 నిమిషాల్లో, 10వి దాదాపు గంటలో రావాలి. ఇవి అతి తక్కువ సమయాలు, అంతకన్నా ముందు రావడం కుదరదు. 2005 జనవరి 20న జ్వాల 06:36కి మొదలైనట్టు కనిపించింది, న్యూట్రాన్ మానిటర్లు 06:49 ప్రాంతంలో లేచాయి. 3 తీసేస్తే 06:46. మెరుపు మొదలైన పది నిమిషాలకి, 07:01 నాటి శిఖరానికి ముందే, ఆ కణాలు సూర్యుడి దగ్గర బయల్దేరాయన్నమాట. ఇంత చిన్న తీసివేతతో ఇంత సంగతి బయటపడటం నాకు ఇప్పటికీ అద్భుతంగానే ఉంటుంది.

అదే గంట వ్యవధి మనుషుల ప్రాణాలకి పనికొస్తుంది కూడా. ఎలక్ట్రాన్లు దాదాపు కాంతి వేగంతో ముందొస్తాయి కాబట్టి వాటిని చూసి వెనక వచ్చే ప్రోటాన్ల గురించి గంట దాకా ముందే హెచ్చరించవచ్చని ఆరిక్ పోస్నర్ అనే శాస్త్రవేత్త 2007లో చూపించాడు. ఓడ బయట పనిచేస్తున్న వ్యోమగామి లోపలికి వెళ్లడానికి గంట చాలా ఎక్కువ. 1972 ఆగస్టు నాటి భారీ తుపాను అపోలో 16కీ 17కీ మధ్యలో వచ్చింది కాబట్టి సరిపోయింది, అప్పుడు చంద్రుడి మీద ఎవరూ లేరు.

6. వెనక్కి లెక్కకట్టి దారి పొడవు పట్టండి

ఇప్పటిదాకా దారి పొడవు మనమే అనుకున్నాం. డేటా నుంచే దాన్ని తీయవచ్చు. వేగం తక్కువైతే ఆలస్యం ఎక్కువ, కాబట్టి ఒక్కో శక్తి పట్టీలో కణాలు మొదట కనిపించిన సమయాన్ని నిలువు గీత మీద, వేగం విలోమాన్ని అడ్డ గీత మీద గుర్తించండి. చుక్కలన్నీ సరళరేఖ మీద పడితే, ఆ రేఖ వాలు దారి పొడవు, అది నిలువు గీతను తాకే చోటు కణాలు బయల్దేరిన సమయం.

రెండు చుక్కలతో చేసి చూద్దాం. 100 ఎంఈవీవి వచ్చిన 46 నిమిషాలకి 10 ఎంఈవీవి వచ్చాయనుకోండి. విలోమాలు 2.34, 6.91, తేడా 4.57. 46ను 4.57తో భాగిస్తే దాదాపు 10 కాంతి నిమిషాలు, అంటే భూమి-సూర్యుల దూరానికి 1.2 రెట్లు. సర్పిలానికి సరిగ్గా సరిపోయింది. బయల్దేరిన సమయం కావాలంటే 100 ఎంఈవీవి వచ్చిన వేళ నుంచి దాదాపు 23 నిమిషాలు తీసేయండి. దాన్ని జ్వాల కనిపించిన వేళతో పోల్చాలంటే 8.3 నిమిషాలు కలపడం మర్చిపోవద్దు, కొత్తవాళ్ల లెక్క తరచుగా చెడేది ఇక్కడే.

జవాబు 2 రెట్లో 3 రెట్లో వచ్చిందా? నిజంగా అంత పొడవు దారి ఉండొచ్చు, కానీ ముందు డేటాని అనుమానించండి. మొదటొచ్చిన కొద్ది కణాలు అంతకుముందే ఉన్న నేపథ్యంలో కలిసిపోయి కనిపించకపోయి ఉండొచ్చు, లేదా దారిలో చెదిరి ఆలస్యమై ఉండొచ్చు.

7. లెక్క ఎక్కడ తప్పుతుందో తెలుసుకోండి

సర్పిలం నున్నని గీత కాదు. సౌర పవనం అల్లకల్లోలంగా ఉంటుంది, రేఖల మీద ముడతలుంటాయి, కణం వాటికి తగిలి దిశ మార్చుకుంటుంది, ఒక్కోసారి వెనక్కి కూడా తిరుగుతుంది. సూర్యుడికి దూరమయ్యేకొద్దీ క్షేత్రం బలహీనపడి కణాలను రేఖ వెంట ముందుకి మళ్లిస్తుంది, ముడతలు చెదరగొడతాయి, ఈ పెనుగులాటలోంచే గ్రాఫ్ ఆకారం పుడుతుంది. ఎంత దూరానికి దిశ పూర్తిగా మారుతుందంటే, మామూలుగా భూమి-సూర్యుల దూరంలో పన్నెండో వంతు నుంచి మూడో వంతు దాకా అంటారు. ప్రశాంతంగా ఉన్న రోజుల్లో ఇంకా ఎక్కువే.

పైగా ఆ రేఖలే అటూ ఇటూ తిరుగాడతాయి, కణాలు కూడా కొద్దికొద్దిగా ఒక రేఖ మీంచి పక్క రేఖ మీదికి జారుతాయి. 2021 ఏప్రిల్ 17 నాటి సంఘటన చూడండి. భూమి నుంచి చూస్తే పేలుడు తూర్పు అంచు దగ్గర. అయినా బెపికొలంబో, పార్కర్ సోలార్ ప్రోబ్, సోలార్ ఆర్బిటర్, స్టీరియో-ఎ, భూమి దగ్గరి నౌకలు, అన్నీ కణాలను పట్టాయి. సూర్యుడి చుట్టూ దాదాపు 210 డిగ్రీల మేర పరుచుకుని ఉన్న ఐదు చోట్లు అవి! ఎలక్ట్రాన్లలో జ్వాల పాత్ర ఎక్కువగా, ప్రోటాన్లలో షాక్ పాత్ర ఎక్కువగా కనిపించింది. అంత వెడల్పుకి షాక్ వెడల్పే కారణమా, కణాలు అడ్డంగా జారడమా అన్న చర్చ ఇంకా నడుస్తోంది. నాకైతే ఒక్కో సంఘటనలో ఒక్కో పాలు అనిపిస్తుంది, ఒకే జవాబు కోసం పట్టుబట్టడం అనవసరం.

ఇంకో చిక్కు, రెండు మూడు రోజుల ముందే ఇంకో సీఎంఈ పోయి ఉంటే దారిలోని రేఖలు మెలితిరిగి ఉంటాయి, సర్పిలం లెక్క పనిచేయదు. కాబట్టి మునుపటి వారం సీఎంఈల జాబితా తప్పకుండా చూడండి.

చివరి దశలో మాత్రం ఒక వింత. తుపాను తగ్గుముఖం పట్టాక ఎక్కడెక్కడో ఉన్న నౌకల్లో కూడా కొలతలు దాదాపు ఒకే స్థాయికి వచ్చి, కలిసి తగ్గుతాయి. అప్పుడిక మూలం ఎక్కడన్న ప్రశ్నకి ఆ డేటా జవాబు చెప్పదు, మొదటి గంటల్లోనే వెతకాలి.

8. మన దాకా వస్తుందా?

భూమి అయస్కాంత క్షేత్రం అడ్డుపడుతుంది, ధ్రువాల దగ్గర తక్కువ, భూమధ్య రేఖ వైపు ఎక్కువ. దక్షిణ భారతంలో నిలువుగా లోపలికి దిగాలంటే ప్రోటాన్‌కి దాదాపు 16 వేల ఎంఈవీ శక్తి కావాలి. సూర్యుడి తుపానుల్లో అంత శక్తి ఉన్నవి దాదాపు లేనట్టే. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉన్నవాళ్లకి నేల మీద టెన్షన్ పడాల్సింది ఏమీ లేదు. ధ్రువాల మీదుగా పోయే విమానాల సంగతి వేరు, అక్కడ విమానాలు దూరాలకి మాట్లాడుకునే హెచ్ఎఫ్ రేడియో మూగబోతుంది. 2012 జనవరిలో ఎస్3 తుపాను వచ్చినప్పుడు డెల్టా సంస్థ కొన్ని ధ్రువ మార్గ విమానాలను దారి మళ్లించింది.

9. మన డేటాతో మొదలుపెట్టండి

2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1, 2024 జనవరి 6 నుంచి 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని ఎల్1 చుట్టూ తిరుగుతోంది. అందులో అహ్మదాబాద్‌లోని భౌతిక పరిశోధనా ప్రయోగశాల తయారుచేసిన ఆస్పెక్స్ పరికరంలో స్టెప్స్ అనే భాగం ఉంది. 20 వేల ఎలక్ట్రాన్ వోల్టుల నుంచి 5 ఎంఈవీ దాకా కణాలను ఆరు దిశల్లో కొలుస్తుంది. డేటా ఇస్రో ప్రదాన్ పోర్టల్‌లో రిజిస్టర్ అయితే దొరుకుతుంది.

5 ఎంఈవీ ప్రోటాన్ వేగం కాంతి వేగంలో 0.103. పైన చెప్పిన లెక్కే, గంటా 34 నిమిషాలు. కాబట్టి పడమటి వైపు జ్వాల మెరిసిన గంటా 25 నిమిషాల తర్వాత పై పట్టీలో మొదటి పెరుగుదల కోసం వెతకండి, 1 ఎంఈవీ పట్టీలో ఇంకో రెండు గంటలు ఆగండి. స్టెప్స్ ఆరు దిశల్లో ఒకటి సర్పిలం వైపే చూస్తుంది. మొదట్లో ఆ దిశలో కొలత మిగతా వాటికన్నా బాగా ఎక్కువగా ఉంటే కణాలు పెద్దగా చెదరకుండా రేఖ వెంట తిన్నగా వచ్చాయని, మీ 6వ మెట్టు లెక్కని నమ్మవచ్చని అర్థం. ఆరు దిశల్లోనూ మొదటి నుంచీ ఒకేలా ఉంటే అవి అప్పటికే బాగా చెదిరి చేరాయి, ఆ సంఘటనలో దారి పొడవు కోసం ప్రయత్నించకండి, ఇంకోటి తీసుకోండి.